మార్పిడి తర్వాత మైదానం

కిడ్నీ మార్పిడి చేయించుకుని ఇంటికొచ్చిన మనిషిని మన వైపు కాలు కింద పెట్టనివ్వరు. ఏలూరు పట్నంలోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేటి లంకల్లోనైనా అదే తీరు. ఆ కిడ్నీ ఇచ్చింది చాలాసార్లు తల్లో, భార్యో, అక్కో అయివుంటుంది. అప్పులు చేసి, నెలల తరబడి డయాలిసిస్ చేయించుకుంటూ నెట్టుకొచ్చి, చివరికి దక్కించుకున్న అవయవమది. అందుకే ఇల్లంతా దానికి కాపలా కూర్చుంటుంది. బిందె ఎత్తొద్దంటారు, మేడ మెట్లు ఎక్కొద్దంటారు, పిల్లలతో ఆడబోతే కేకలేస్తారు. ఆ ప్రేమను ఎవరూ తప్పుపట్టలేరు. అయితే పాతికేళ్లకు పైగా వైద్యరంగం పోగుచేసిన ఆధారాలను వరుసగా చూస్తే, మన భయం ఉండాల్సిన చోట లేదని తేలుతుంది. ఒళ్లు కదిలించడంలో ఉన్న ప్రమాదం చిన్నది, లెక్కకు అందేది, అదుపులో పెట్టుకోగలిగేది. కదలకుండా కూర్చోవడంలో ఉన్న ప్రమాదం పెద్దది, పైకి కనిపించనిది. ఈ డెల్టాలో నిజంగా భయపడాల్సినవి వేరే ఉన్నాయి: మే నెల ఎండ, నిలవ నీరు, బురదలో తెగిన కాలు, కబడ్డీలో పొత్తికడుపుకు తగిలే మోకాలు, ఆట అయ్యాక ఒళ్లు నొప్పులకని మింగే మాత్ర. వాటి గురించి హెచ్చరించేవాళ్లు తక్కువ.

ఈ ప్రశ్న ఇప్పుడు అడగాల్సి రావడం ఒక రకంగా మంచి పరిణామమే. 1971లో వేలూరు సీఎంసీలో బతికున్న దాత కిడ్నీని విజయవంతంగా అమర్చిన రోజుల్లో, మనిషి ప్రాణంతో ఉంటే చాలుననుకున్నారు. 1994లో అవయవ మార్పిడి చట్టం వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలోనే తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేసిన డాక్టర్ పి. వేణుగోపాల్ మన రాజమండ్రిలో పుట్టినవారు. 2016లో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోనే గుండె మార్చింది. 2023లో దేశం మొత్తం మీద 18 వేలకు పైగా మార్పిడులు జరిగితే, వాటిలో 13 వేలకు పైగా కిడ్నీలే. చనిపోయినవారి అవయవాలను వరుస ప్రకారం అందించడానికి ప్రభుత్వ జీవన్‌దాన్ పథకం ఉంది. ఏలూరు మనిషి విజయవాడ వెళ్లి పరీక్షలు చేయించుకుని సాయంత్రానికి ఇల్లు చేరగలడు. ఆపరేషన్ బల్ల దాకా దారి పడింది. అక్కణ్నుంచి దిగాక ముప్ఫై, నలభై ఏళ్ల వయసు మనిషి మిగిలిన జీవితమంతా ఒంటిని ఎలా వాడుకోవాలో చెప్పే నాథుడే లేడు.

కొత్త కిడ్నీ వచ్చేసరికి ఒళ్లు ఏ స్థితిలో ఉంటుందో ముందు చూడాలి. కిడ్నీలు దెబ్బతిన్న ఏళ్లలో, డయాలిసిస్ సాగిన నెలల్లో కండ కరిగిపోతుంది. రక్తం తగ్గి, నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. మార్పిడి తర్వాత రక్తం పెరుగుతుంది, ఆకలి పుడుతుంది, నోటికి రుచి తెలుస్తుంది. కానీ పోయిన కండ దానంతటది తిరిగి రాదు. పైగా శరీరం కొత్త అవయవాన్ని తిప్పికొట్టకుండా వేసుకునే మందులు వేరే దిక్కుకు లాగుతాయి. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు కండను, ఎముకను పలచబరిచి కొవ్వును పెంచుతాయి. టాక్రోలిమస్ రక్తపోటును, చక్కెరను పెంచగలదు. మూడు పూటలా అన్నం తినే మన ప్రాంతంలో, అంతకుముందు చక్కెర జబ్బు లేనివాళ్లకు కూడా మార్పిడి తర్వాత అది రావడం అరుదేమీ కాదు. కిడ్నీ చక్కగా పనిచేస్తుండగానే చనిపోయేవాళ్లలో చాలామందిని తీసుకుపోయేది గుండె, రక్తనాళాల జబ్బులు. ఇంటిల్లిపాదీ కిడ్నీ మీద కన్నేసి ఉంచితే, మృత్యువు గుండె వైపు నుంచి వస్తోందన్నమాట. దాన్ని అడ్డుకునే సాధనాల్లో చవకైనదీ, ఇంట్లోనే దొరికేదీ వ్యాయామం.

ఇది ఊహ కాదు. అమెరికాలో ప్యాట్రీషియా పెయింటర్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, కిడ్నీ మార్పిడి జరిగిన 167 మందిని నెల రోజులకే రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు ఇంటి దగ్గరే చేసుకునే వ్యాయామం నేర్పారు. ఏడాది గడిచేసరికి ఆ జట్టు దమ్ము, కండబలం రెండూ మెరుగ్గా ఉన్నాయి. జిమ్ము లేదు, యంత్రాలు లేవు. ఈ ఒక్క విషయం చాలు, అది మన పల్లెకు పనికొచ్చే అధ్యయనం అనడానికి. లండన్‌లో గ్రీన్‌వుడ్ బృందం 2015లో చూపించింది మరొకటి: పన్నెండు వారాల పాటు సైకిలు తొక్కడం వంటివి చేసినవాళ్లకూ, బరువులతో కసరత్తు చేసినవాళ్లకూ రక్తనాళాల బిరుసుతనం తగ్గింది. గుండె మార్చుకున్న వారి విషయంలో 1999లోనే కోబషిగవా బృందం 27 మందితో పరీక్షించింది. వ్యాయామం చేసినవాళ్ల దమ్ము ఆరు నెలల్లో 49 శాతం పెరిగితే, చేయనివాళ్లది 18 శాతమే పెరిగింది. 2019లో స్కాండినేవియా దేశాల వైద్యులు ఇంకో మెట్టు ఎక్కి, కొత్తగా గుండె మార్చుకున్న 81 మందిని ఎంచుకుని, కొందరి చేత ఫిజియోథెరపిస్టుల కనుసన్నల్లో తీవ్రమైన వ్యాయామమే చేయించారు. మామూలు వ్యాయామం చేసినవాళ్ల కంటే వాళ్ల దమ్ము మెరుగైంది. శ్రమ పెరిగితే శరీరం కొత్త అవయవాన్ని తిప్పికొడుతుందేమో, అంటే రిజెక్షన్ వస్తుందేమో అన్న భయానికి ఈ పరీక్షల్లో ఆధారం దొరకలేదు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఇవన్నీ చిన్న చిన్న పరీక్షలు. మధ్యలో మానేసినవాళ్లూ తక్కువేం కాదు. వ్యాయామం దమ్ము పెంచుతుందని రుజువైంది గానీ, ఆయుష్షు పెంచుతుందని అదే స్థాయిలో రుజువు కాలేదు. నెదర్లాండ్స్‌లో 540 మంది కిడ్నీ గ్రహీతలను గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. తక్కువ కదిలేవాళ్లలో మరణాలు, ముఖ్యంగా గుండెజబ్బు మరణాలు ఎక్కువని అది తేల్చింది. కానీ జబ్బుగా ఉన్నవాడే తక్కువ కదులుతాడు కదా, ఏది కారణం, ఏది ఫలితం అని అడగొచ్చు. అడగాలి కూడా. నా సమాధానం ఇది: నిర్ణయం తీసుకోవడానికి ఆయుష్షు లెక్క ఒక్కటే కొలత కాదు. తన బియ్యం బస్తా తానే సైకిలెక్కించుకోగలగడం, బస్సు కోసం నాలుగడుగులు పరిగెత్తగలగడం, రక్తపోటు, చక్కెర అదుపులో ఉండటం, వీటికి తగిన ఆధారం ఉంది. మరోవైపు, మంచం మీద కూర్చోబెడితే అవయవం ఎక్కువ కాలం నిలుస్తుందని చెప్పే ఆధారం ఒక్కటి కూడా లేదు. రుజువు చూపాల్సిన బాధ్యత కూర్చోమనేవాళ్ల మీదే ఎక్కువ. కెనడా మార్పిడి నిపుణుల సంఘం 2019లో అవయవం కోసం ఎదురుచూసేవాళ్లకు కూడా వ్యాయామాన్ని సిఫారసు చేసింది.

ఆటగాళ్ల కథలు చెబితే, వాళ్లు వేరే జాతి మనుషులు అంటారు. అందులో నిజం ఉంది. అమెరికా హర్డిల్స్ వీరుడు ఏరిస్ మెరిట్ 2015 ఆగస్టులో బీజింగ్ ప్రపంచ పోటీల్లో కంచు పతకం గెలిచి, రోజుల వ్యవధిలో అక్క ఇచ్చిన కిడ్నీని అమర్చుకున్నాడు. 2017లో లండన్ ప్రపంచ పోటీల ఫైనల్లో మళ్లీ పరుగెత్తాడు. క్రొయేషియా ఫుట్‌బాల్ ఆటగాడు ఇవాన్ క్లస్నిచ్‌కు 2007లో తల్లి ఇచ్చిన కిడ్నీ నిలవలేదు. తండ్రిది అమర్చారు. మరుసటి ఏడాది యూరో కప్పులో గోల్స్ కొట్టాడు. వాళ్ల వెనక సొంత డాక్టర్లు, శిక్షకులు ఉన్నారు. కైకలూరు కుర్రాడికి ఎవరున్నారు? అందుకే ఈ పేర్ల నుంచి నేను తీసుకునేది ఒక్క చిన్న సంగతే: అమర్చిన కిడ్నీ పరుగుకు జారిపోయే వస్తువు కాదు, కొన్ని నెలలకు చుట్టూ ఉన్న కండతో, పొరలతో కలిసి స్థిరపడుతుంది. మామూలు మనుషుల సంగతి తెలియాలంటే 1978లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మౌత్‌లో సర్జన్ మారిస్ స్లాపక్ మొదలుపెట్టిన ప్రపంచ ట్రాన్స్‌ప్లాంట్ క్రీడలను చూడాలి. 2023లో పెర్త్‌లో, 2025లో డ్రెస్డెన్‌లో జరిగిన ఆ పోటీల్లో పాల్గొన్నవాళ్లు ఒలింపిక్ వీరులు కారు. పరుగు, ఈత, షటిల్, టేబుల్ టెన్నిస్ ఆడుకునే టీచర్లు, గుమాస్తాలు, బడిపిల్లలు.

ఇక ఏ ఆట, ఎప్పుడు అన్న ప్రశ్న. అసలు జాగ్రత్త అంతా ఇక్కడే ఉంది. సొంత కిడ్నీలు వీపు వైపున పక్కటెముకల చాటున ఉంటాయి. అమర్చిన కిడ్నీని సాధారణంగా పొత్తికడుపులో ఒక పక్క, తుంటి ఎముక లోపలి వైపు, చర్మానికి చాలా దగ్గరగా పెడతారు. చేత్తో తడిమితే తెలుస్తుంది. దానికి ముందు ఎముక కవచం లేదు. కాబట్టి ప్రమాదం పరుగులో లేదు, దెబ్బలో ఉంది. మన పల్లెల్లో సంక్రాంతికి ఆడే కబడ్డీలో కూత పెట్టినవాణ్ని నలుగురు మీదపడి పట్టేస్తారు. మోకాళ్లు, మోచేతులు పడేది సరిగ్గా పొత్తికడుపు మీదే. కబడ్డీ, కుస్తీ, కరాటే వదులుకోవాలనే నా అభిప్రాయం. న్యూజిలాండ్ రగ్బీ దిగ్గజం జోనా లోము 2004లో కిడ్నీ మార్పిడి తర్వాత కూడా మైదానంలోకి దిగిన మాట నిజమే. అది ఆయన ఎంపిక, అందరికీ కొలమానం కాదు. వాలీబాల్, షటిల్, టేబుల్ టెన్నిస్, సైకిలు, నడక, పరుగులో ఈ బెడద దాదాపు లేదు. గోదావరి జిల్లాల్లో వాలీబాల్ కోర్టు లేని ఊరు తక్కువ, అది మన అదృష్టం. క్రికెట్ బంతి గట్టిది. టెన్నిస్ బంతితో ఆడుకుంటే సరిపోతుంది.

వేళ కూడా ముఖ్యమే. ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజులకే నడిపిస్తారు, నడవాలి కూడా. కోత మానేదాకా, అంటే ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదు. స్టెరాయిడ్ల వల్ల గాయం మెల్లగా మానుతుంది, తొందరపడితే హెర్నియా వస్తుంది. కాలేయం మార్చినవాళ్లకు పొట్ట మీద కోత పెద్దది, పొట్టకు బరువు పడే కసరత్తుకు కనీసం మూడు నెలలు ఆగాలి. ఆ తర్వాత నెమ్మదిగా పెంచుకుంటూ వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు బరువుల కసరత్తు దాకా రావచ్చు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం చాలు. గుండె మార్చుకున్నవాళ్లకు మాత్రం నాడి లెక్క నమ్మదగ్గది కాదు. ఆపరేషన్‌లో గుండెకు వెళ్లే నరాలు తెగిపోతాయి కనుక ఊరికే కూర్చున్నా నాడి 90 దాటి కొట్టుకుంటుంది, శ్రమ మొదలైనా వెంటనే పెరగదు, ఆగినా వెంటనే దిగదు. వాళ్లు మొదట పది నిమిషాలు నెమ్మదిగా ఒళ్లు వేడెక్కించుకుని, చివర్లో అలాగే నెమ్మదించి ఆపాలి. నొప్పి తెలియకుండానే గుండె ఇబ్బంది పడొచ్చు, కాబట్టి ఆయాసాన్నే గుర్తుగా పెట్టుకోవాలి. జ్వరం, మూత్రం తగ్గడం, ఒక్కసారిగా బరువు పెరగడం, అవయవం ఉన్నచోట నొప్పి, రక్తపరీక్షలో కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పెరగడం, వీటిలో ఏదున్నా ఆట ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు ఈ నేల సంగతికి రావాలి. విదేశీ పుస్తకాల్లో ఈత మంచి వ్యాయామమని ఉంటుంది. ఆ ఈత క్లోరిన్ కలిపిన కొలనులో. మన దగ్గర ఈత అంటే కాలవ, చెరువు. కొల్లేటిలోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చేది వాన నీళ్లు మాత్రమే కాదు, పట్టణాల మురుగు, పొలాల మందుల నీళ్లు కూడా. బయటికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద చివరికి చేరింది కొల్లేటికే. అలా నిలిచిన నీటిలో ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వ్యాపిస్తుంది. వరిమడి మట్టిలో, నీటిలో మెలియాయిడోసిస్ కలిగించే బాక్టీరియా ఉండగలదు. చేపలు, రొయ్యల చెరువుల్లో తెగిన వేలి ద్వారా చర్మానికి పట్టి నెలల తరబడి వదలని పుండ్లు తెచ్చే సూక్ష్మజీవులున్నాయి. రోగనిరోధక శక్తిని మందులతో తగ్గించుకున్న మనిషికి ఇవి మామూలు జ్వరంలా వచ్చిపోవు. కాబట్టి కాలవ ఈత వద్దు. గట్ల మీద చెప్పుల్లేని నడక వద్దు. వరదొచ్చిన వారాల్లో నడక ఇంటి వరండాలోనో, మేడ మీదో. ఎండాకాలం ఏలూరులో 44 డిగ్రీలకు ఉక్కపోత తోడైతే చెమట ధారలు కడుతుంది. ఒంట్లో నీరు తగ్గితే ఒకే ఒక్క కిడ్నీ మీద భారం పడి క్రియాటినిన్ పైకి పోతుంది. తెల్లవారుజామున ఆడాలి, నీళ్లు ముందే తాగాలి, ఉదయం ఎనిమిది దాటాక వాలీబాల్ కోర్టులో ఉండకూడదు.

పొలం పని చేసేవాడికి వేరే వ్యాయామం దేనికి అనే మాట ఇక్కడ తప్పకుండా వస్తుంది. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదిది. కొల్లేటి చేపల చెరువులో మేత వేసే పని దగ్గరగా చూడండి. తవుడు, చెక్క కలిపిన మేతను అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, చిన్న పడవలో చెరువులోకి వెళ్లి, పాతిన కర్రలకు ఒక్కొక్కటే కడతారు. ఊగే పడవలో నిలబడి, నడుం వంచి, తడిసిన సంచిని పైకి లేపాలి. చేతులకు చేప ముల్లో, తాడు ఒరుసుకుపోయిన గాయమో ఉంటుంది. శ్రమ ఉంది, చెమట ఉంది. కానీ బరువు ఎంతన్నది మేస్త్రీ నిర్ణయిస్తాడు, ఎంతసేపన్నది చేప ఆకలి నిర్ణయిస్తుంది. మెల్లగా పెంచుకునే వీలు, అలసినప్పుడు ఆగే వీలు లేవు. పైగా అదంతా పైన చెప్పిన నీళ్లలోనే. వ్యాయామం మేలు చేసేది మోతాదు మన చేతిలో ఉన్నప్పుడు. అలాగని కూలి మానుకోమని చెప్పే హక్కు ఎవరికీ లేదు, ఆ ఇల్లు గడవాలి. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి చేయించుకున్నవాళ్లకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. గొప్ప ఊరట అది. దాంతో కనీసం మొదటి ఏడాది నీటి పనికి దూరంగా ఉండి, గట్టు మీది పనికో, లెక్కలు రాసే పనికో మారగలిగితే మంచిది. నీళ్లలోకి దిగక తప్పనివాళ్లకు మోకాళ్ల దాకా గమ్ బూట్లు, గ్లవ్స్ వ్యాయామం కంటే ముందు అవసరం.

ఆట అయ్యాక జరిగే తప్పులు ఆటలో జరిగేవాటి కంటే ప్రమాదకరం. ఒళ్లు నొప్పులుగా ఉన్నాయంటే మందుల షాపులో డైక్లోఫెనాక్ ఇస్తారు, ఊళ్లో ఆర్‌ఎంపీ అయితే అదే సూది వేస్తాడు. టాక్రోలిమస్ వాడుతున్న మనిషి కిడ్నీకి అది రెండో వైపు నుంచి తగిలే దెబ్బ. నొప్పికి పారాసిటమాల్ చాలు. జ్వరానికో, మూత్రంలో మంటకో సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మాత్ర వాడుతున్న రోజుల్లో పరుగు, గెంతడం మానాలి. స్టెరాయిడ్‌తో కలిస్తే అది మడమ వెనక స్నాయువు (టెండన్) తెగేలా చేయగలదు. దాహానికి కొబ్బరి బోండం మన అలవాటు. టాక్రోలిమస్ వల్ల కొందరికి ఒంట్లో పొటాషియం పెరుగుతుంది, బోండంలో ఉన్నదీ అదే, కాబట్టి రక్తపరీక్ష చూపించి అడిగాకే తాగాలి. పంపరపనస అసలు ముట్టకూడదు, అది మందు మోతాదును రక్తంలో అమాంతం పెంచేస్తుంది. జిమ్ముల్లో అమ్మే క్రియాటిన్ పొడి క్రియాటినిన్ అంకెను తారుమారు చేసి డాక్టర్నే తికమక పెడుతుంది. వీటిలో ఒక్కటి కూడా డిశ్చార్జి రోజున చెప్పలేనంత పెద్ద సంగతి కాదు.

చెప్పడానికి మనుషులు, స్థలాలు కూడా ఉన్నాయి. ఏలూరులో ఆశ్రమ్ వైద్య కళాశాల ఉంది, ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, అల్లూరి సీతారామరాజు స్టేడియం ఉంది. తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది, రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత రన్‌వే ఉంది. ఒక మనిషి ఎంత చేయగలడో కొలవడానికి ట్రెడ్‌మిల్ కూడా అక్కర్లేదు. ముప్ఫై మీటర్ల వరండాలో ఆరు నిమిషాలు అటూ ఇటూ నడిపించి ఎన్ని మీటర్లు వచ్చిందో రాసుకుంటే చాలు. ఆ పరీక్షను డిశ్చార్జి నాడు, మూడో నెలలో, ఏడాదికి ఏలూరులోనే ఫిజియోథెరపిస్టు చేసి, ఆ అంకెను క్రియాటినిన్ పక్కనే చీటీ మీద రాసి మార్పిడి చేసిన ఆసుపత్రికి పంపితే, అక్కడి డాక్టరు వ్యాయామాన్ని కూడా మందులాగే మోతాదు కట్టి రాయగలరు. మందుల ఖర్చు భరించే ప్రభుత్వం ఈ మూడు సందర్శనల ఫీజు భరించడం అసాధ్యం కాదు.

దాతలను కూడా ఇదే వరుసలో చేర్చాలి. మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, అందుకునేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. కిడ్నీ ఇచ్చిన తల్లి నెల తిరక్కుండానే బావి దగ్గరో, పొయ్యి దగ్గరో ఉంటుంది, ఆమె కోత ఎలా మానిందో అడిగేవారుండరు. పుచ్చుకున్నవాళ్లకున్నట్టే ఇచ్చినవాళ్లకూ కొన్ని వారాల బరువుల నిషేధం ఉంది, ఆ తర్వాత స్వేచ్ఛ ఉంది. భోపాల్‌కు చెందిన అంకితా శ్రీవాస్తవ తల్లికి కాలేయంలో భాగమిచ్చి, 2019లో న్యూకాజిల్‌లో జరిగిన ప్రపంచ ట్రాన్స్‌ప్లాంట్ క్రీడల్లో పతకాలు గెలిచింది. ఆ పోటీల్లో దాతలకూ చోటుంది. ఏలూరులో ఆరు నిమిషాల నడక పరీక్ష ఎప్పుడు మొదలైనా, మంచం మీద ఉన్న కొడుకుతో పాటు అతనికి కిడ్నీ ఇచ్చిన తల్లిని కూడా ఆ వరండాలో నడిపించాలి.